బాగన్ దాతుక్‌లో మూడు కాయలు

మలయా వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి భీమిలిలో నాకు గిరాకీ పెరిగింది. స్టాఫ్ రూములో టీ గ్లాసు చేతికి అందకముందే ఎవరో ఒకరు, "మాస్టారూ, అక్కడ పాముల్ని వండుకుంటారట కదా" అని మొదలుపెడతారు. నేను కూడా బెట్టు చెయ్యకుండా చెబుతాను. ఓడలో పడ్డ వాంతుల దగ్గర్నుంచి కౌలాలంపూర్‌లో చూసిన జెండాల దాకా, నెల రోజుల ప్రయాణాన్ని ఆరు నెలలు నడిపించాను. ఒక్క బాగన్ దాతుక్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి, "అక్కడ కొబ్బరితోటలు బాగుంటాయండీ" అని దాటేశాను.

ఆ దాటేసిన ముక్క కోసమే ఇది రాస్తున్నాను. అక్కడ నేను సిగ్గుపడవలసిన పని ఒకటి చేసి వచ్చాను. ఎలా చేశానో వరసగా చెబుతాను. మధ్యలో తిండి గురించీ ధరల గురించీ ఎక్కువ చెబుతున్నట్టు కనిపిస్తే, అసలు చోటికి రావడానికి నాకు కాళ్ళు రావడం లేదని అర్థం చేసుకోండి.

పినాంగు

ఓడ దిగి మొదట చేసిన పని కాఫీ తాగడం. చీనావాడి కొట్టు. పాలకి బదులు డబ్బాపాలు, అదీ గరిటెతో గీరి వేశాడు. కప్పు పది సెంట్లు. నేను బయల్దేరే నాటికి మన దగ్గర కొత్త పైసలు వచ్చి, అణాకి ఎన్ని పైసలో తేలక భీమిలి బజార్లో రోజుకో తగువు జరుగుతోంది. అక్కడ డాలరుకి వంద సెంట్లు. చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా చిల్లర లెక్కపెట్టి ఇస్తుంటే మనవాళ్ళ అవస్థ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

పక్క బల్ల మీద ఒక మలాయి పెద్దాయన అరిటాకు పొట్లం విప్పుకుంటున్నాడు. కొబ్బరిపాలు పోసి వండిన అన్నం, పైన వేయించిన ఎండు నెత్తళ్ళు. నెత్తళ్ళని చూసేసరికి ప్రాణం లేచి వచ్చింది. సముద్రం ఇవతలా అవతలా అదే చేప. నేనూ ఒక పొట్లం తీసుకున్నాను. అంచున ఎర్రగా కనిపించింది మామిడికాయ తొక్కు అనుకుని ముద్దకి పట్టించాను. మిరపకాయలు తప్ప అందులో ఇంకేమీ లేనట్టుంది. నా కళ్ళమ్మట నీళ్ళు చూసి పెద్దాయన తన కాఫీ నా ముందుకి జరిపాడు. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకి రాదు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ప్రయాణంలో నేను ఏ మచ్చా లేకుండా గుర్తుచేసుకోగలిగిన పూట అది.

కౌలాలంపూర్

ఇక్కడ నా భార్య అన్నగారు సూర్యారావు ఉంటాడు. వాళ్ళ తాత ఒక తోటలో గుమాస్తాగా వచ్చి, ఈయన్ని చిన్నప్పుడే తన దగ్గరికి తెప్పించుకున్నాడు. ఈయనది పట్నంలో రైలు ఆఫీసులో ఉద్యోగం. పిల్లలు తెలుగు మాట్లాడితే అర్థం చేసుకుంటారు, జవాబు మాత్రం అరవంలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. పెద్దదానికి పద్నాలుగేళ్ళు. "ఏమ్మా, చదువు ఎలా ఉంది?" అంటే, "ఓకే లా, మామా" అంది. మాట చివర ఆ "లా" తగిలించడం అక్కడ అందరికీ అలవాటు. మా ఆవిడ పంపిన ఆవకాయ మాత్రం ఏ భాషా అడ్డం రాకుండా రెండు రోజుల్లో ఖాళీ చేశారు.

ఊరంతా మెర్డేకా హడావుడి. మెర్డేకా అంటే స్వాతంత్ర్యం, దానికి ఇంకా మూడు నెలలుంది. అప్పుడే పెద్ద మైదానం చుట్టూ గుంజలు పాతుతున్నారు. మరోపక్క అడవుల్లో కమ్యూనిస్టుల తిరుగుబాటు ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. అత్యవసర చట్టాలు అలాగే ఉన్నాయి. ఎవరి జేబులో చూసినా బొమ్మ అతికించిన గుర్తింపు కార్డు. ఒక చేత్తో జెండాలు కుడుతూ ఇంకో చేత్తో సోదాలు చేస్తున్న దేశం అది.

"మొన్నటి ఎన్నికల్లో తోటల్లో మనవాళ్ళకి ఓట్లున్నది తక్కువమందికే, బావా," అన్నాడు సూర్యారావు. "పౌరసత్వం కాగితాలు కావాలి. అవి తెచ్చుకోవడం వాళ్ళకి తెలీదు, మేమూ పట్టించుకోలేదు."

నేను ఊరుకోవచ్చు కదా. మా దేశంలో జమీందారుకీ ఒకటే ఓటు, పాలేరుకీ ఒకటే ఓటు అన్నాను. బడిపంతుళ్ళందరినీ వేసినట్టే నన్నూ రెండు ఎన్నికల్లో పోలింగు డ్యూటీకి వేశారని, వందలమంది వేళ్ళకి ఈ చేత్తోనే సిరా పెట్టానని, రాజావారి దివాణం మనిషినీ వాళ్ళ చాకలినీ ఒకే వరసలో నిలబెట్టానని చెప్పాను. చెబుతూ చెబుతూ చెయ్యి చాపి చూపించాను కూడా. ఆ చెయ్యి తర్వాత ఏం చేసిందో చెప్పబోతున్నాను.

సూర్యారావుకి ముచ్చటేసింది. "బాగన్ దాతుక్‌లో మన తెలుగువాళ్ళు బోలెడు మంది, బావా. అక్కడ పాపారావుగారని ఒక కొబ్బరితోటలో పెద్ద కిరాణీ, తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. నిన్ను పిలుస్తానన్నాడు. నువ్వు చరిత్ర మాస్టరువి, ఫ్రెంచి విప్లవం గురించి చెప్పు లా. మాకు పురాణం చెప్పేవాళ్ళు వస్తారు గానీ ఇలాంటివి చెప్పేవాళ్ళు రారు."

కిరాణీ అంటే అక్కడ తోట గుమాస్తా. తోటలోకి నాకు అనుమతి చీటీ పాపారావుగారే సంతకం పెట్టి పంపారు.

తోట గేటు

మా ఆవిడ తన అన్నకోసం అటుకులు కట్టి ఇచ్చింది. అందులో సగం సూర్యారావు నా చేతికే ఇచ్చి, పాపారావుగారి ఇంట్లో ఇమ్మన్నాడు. బస్సు దిగి తోట గేటు దగ్గరికి వచ్చాను. కూలీల ఇళ్ళన్నిటినీ చుట్టేసి రెండు వరసల ముళ్ళతీగ. లోపలికీ బయటికీ ఉన్న దారి ఆ గేటు ఒక్కటే. అక్కడ ఒక మలాయి కానిస్టేబులు నా సంచీ విప్పి అటుకులు గుప్పెట్లోకి తీసుకుని చూశాడు. బియ్యం ఏ రూపంలోనూ లోపలికైనా బయటికైనా గేటు దాటకూడదట, అడవిలో ఉన్నవాళ్ళకి చేరుతుందని. ఇవి నలగ్గొట్టిన అటుకులని నేను ఇంగ్లీషులో వాదించాను. అతను మర్యాదగానే తల ఊపి మొత్తం ఒక డబ్బాలో పోయించేశాడు.

నేను తెలుగులో ఏదో గొణుక్కున్నాను. వెనక వరసలో నిలబడ్డ ఒకావిడ అందుకుంది.

"కోపం వద్దు బాబూ. మాకు రోజూ ఇదే. గుంటల గిన్నెలు కూడా ఇప్పి సూత్తారు."

పిల్లల్ని గుంటలనడం మా భీమిలి వైపు మాటే. ఆవిడకి నలభై ఏళ్ళుంటాయేమో. తలకి గుడ్డ, చేతులు కొబ్బరినూనెలో నాని నున్నగా మెరుస్తున్నాయి. పేరు సన్నేసమ్మ. కాయ పగలగొట్టాక చిప్పల్లోంచి కొబ్బరి తీసే పని. తాతలది శ్రీకాకుళం వైపట, ఊరి పేరు తెలియదు. ఆమె భోజనం గిన్నెలో ఉడికించిన కర్రపెండలం కొంచెం మిగిలి ఉంది. కానిస్టేబులు దాన్ని కూడా పుల్లతో కదిపి చూశాడు.

"అన్నం కట్టుకోరా?" అని అడిగాను.

"గేటు దాటితే అన్నం ఉండకూడదు బాబూ. బయట పనుంటే ఇదే కూడు."

పాపారావుగారింట్లో ఆ సాయంత్రం ఈ అటుకుల అన్యాయం గురించి నేను నాలుగుసార్లు చెప్పానని గుర్తు. గుప్పెడు అటుకులు పోయినందుకు అంత బాధపడ్డాను.

కిరాణీగారి బంగళా

పాపారావుగారు చెడ్డమనిషి కారు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే నేను తప్పించుకుంటున్నట్టు అవుతుంది. యాభై ఏళ్ళ మనిషి, తెల్ల ప్యాంటు, జేబులో రెండు కలాలు. నా మంచం మీద దుప్పటి సరిగ్గా ఉందో లేదో తనే వచ్చి చూశారు. ఆయన భార్య కొబ్బరిపాలు పోసి చేపల పులుసు వండింది. మనం చింతపండుతో చేసే పులుసు తిని పెరిగిన నోటికి మొదట చప్పగా అనిపించింది, మూడో ముద్దకి ఇంకాస్త వెయ్యమన్నాను. ఊరంతా కొబ్బరే. పొయ్యిలోకి చిప్పలు, పరుపులోకి పీచు, తలకి నూనె. కొబ్బరి ఎండబెట్టే కొట్టంలోంచి రాత్రీ పగలూ పొగ వస్తూనే ఉంటుంది. నా చొక్కాలకి ఆ వాసన భీమిలి చాకిరేవు దాకా వచ్చింది.

తీగకంచె లోపల కూలీల ఇళ్ళ వరసల మధ్య ఒక తాటాకుల కప్పు కింద తెలుగు బడి ఉంది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, ఒక పంతులు. ఆదివారం జరిగే సంఘం సభలో తేలవలసింది ఆ బడి సంగతే.

"కిరాణీల పిల్లలూ, టౌనులో కొట్లున్నవాళ్ళ పిల్లలూ అంతా టౌనులో ఇంగ్లీషు బడికి పోతారండి," అన్నారు పాపారావుగారు. "మా అబ్బాయికి తెలుగు అక్షరం రాదు. మా ఆవిడతో అరవంలో మాట్లాడతాడు. తెలుగు బడిని టౌనుకి మార్చి ఆ ఇంగ్లీషు బడి పక్కన పెడితే మన పిల్లలు కూడా ఒక గంట కూర్చుంటారు. పక్కా బిల్డింగు చూశాం. మెర్డేకా రోజున అక్కడ జెండా ఎగరేస్తే అందరికీ కనపడుద్ది. ఇక్కడ తీగలోపల ఎవరు చూస్తారు?"

టౌను మూడు మైళ్ళు. ఆఫీసు వ్యాను కిరాణీల పిల్లల్ని తీసుకుపోతుంది. కూలీల పిల్లలు గేటు దాటి నడవాలి, గిన్నెలో అన్నం లేకుండా. ఈ లెక్క నాకు అప్పుడే తెలుసు. తెలిసీ తల ఊపాను, ఎందుకంటే ఆయన పిల్లవాడి గురించి చెప్పిందీ నిజమే.

తర్వాత ఆయన తమ సంఘం ఆచారం చెప్పారు. నాకు భలే నచ్చింది. సంఘంలో మూడు జట్లు. లెక్కలు రాసిన కిరాణీలు ఒకటి, సంఘం హాలుకి రేకులు ఇచ్చిన వర్తకులు ఒకటి, ఆ హాలు కట్టిన కూలీలు ఒకటి. మొదటి రోజుల నుంచీ అదే ఏర్పాటు. ఏ విషయం వచ్చినా మూడు జట్లూ విడివిడిగా కూర్చుని మాట్లాడుకుంటాయి. తర్వాత ఒక్కో జట్టు పెద్ద ఒక్కో కొబ్బరికాయ తెచ్చి పళ్ళెంలో పెడతాడు. వలిచిన కాయ అయితే సరే అని. వలవని కాయ అయితే కాదు అని. రెండు కాయలు ఎటుంటే అటు తీర్మానం. గెలిచిన కాయ అక్కడే కొట్టి అందరికీ ముక్కలు పంచుతారు. ఓడినవాళ్ళు కూడా ముక్క తినాలి. తింటే ఒప్పుకున్నట్టు.

"ఎంత చిత్రమైన ఆచారం!" అని నోటుబుక్కులో రాసుకున్నాను. కిరాణీలు తొమ్మిదిమంది, వర్తకులు పన్నెండుమంది, కూలీలు రెండువందల పైచిలుకు అని కూడా పక్కనే రాశాను. అదే పుస్తకంలో రెండు పేజీల ముందు ఫ్రాన్సు గురించి ఉపన్యాసానికి రాసుకున్న నోట్సు ఉంది. ఆ రెండు పేజీలు తిప్పి చూడాలని నాకు తోచలేదు. పదహారేళ్ళుగా చరిత్ర పాఠం చెబుతున్నాను.

ఉపన్యాసం

శనివారం మధ్యాహ్నం హాలు నిండింది. ముందు కుర్చీల్లో కిరాణీలూ వర్తకులూ, వెనక చాపల మీద కూలీలు. చిట్టచివర కుర్చీలో తుపాకీ పక్కన పెట్టుకుని ఒక మలాయి సార్జెంటు. సభ పెట్టాలంటే పోలీసు అనుమతి ఉండాలట.

నేను రెచ్చిపోయాను. ఫ్రాన్సులో ప్రజల్ని మూడు శ్రేణులుగా విడగొట్టారని చెప్పాను. మతగురువులు ఒకటి, ప్రభువులు ఒకటి, మిగిలిన జనమంతా ఒకటి. నూటికి తొంభై మందికి పైగా ఆ మూడోదానిలోనే ఉన్నారు. పన్నులు కట్టేది వాళ్ళు, దున్నేది వాళ్ళు, నేసేది వాళ్ళు. నూట డెబ్భై అయిదేళ్ళుగా పిలవని మూడు శ్రేణుల సభని, డబ్బు అవసరమై రాజు పిలిచాడు. విడివిడిగా కూర్చోవాలి, శ్రేణికి ఒక్కటే ఓటు. పై రెండూ ఎప్పుడూ ఒకటైపోతాయి, కిందవాళ్ళు ఎంతమంది ఉన్నా ఓడిపోతారు.

"మూడోవాళ్ళు గోల చేస్తే, సరే, మీ మనుషుల సంఖ్య రెండింతలు చేస్తామన్నారు," అన్నాను. "చేశారు. కానీ ఓటు మాత్రం ఒకటే ఉంచారు. రెండింతలమంది వచ్చి కూర్చుని ఏం చేస్తారు? రెండింతల ఆవలింతలు తీస్తారు."

చాపల మీద పెద్దగా నవ్వారు. ముందు కుర్చీల్లో నిశ్శబ్దం. శ్రద్ధగా వింటున్నారని అనుకున్నాను. మా దేశంలో తలకో ఓటని చెప్పాను. సిరా పెట్టిన చెయ్యి మళ్ళీ చూపించాను. పద్ధతి మార్చాలంటే పాత పద్ధతి ప్రకారమే మార్చాలని పైవాళ్ళు అన్నారనీ, అది దొంగ చేతికే తాళం ఇవ్వడమనీ చెప్పాను. ఇంతలో కర్ఫ్యూకి ముందు కొట్టే గంట మోగింది. మిగిలిన కథ రేపు సభకి ముందు చెబుతానన్నాను.

బయటికి వస్తుంటే సన్నేసమ్మ కనిపించింది, పక్కన ఆమె అన్న అప్పలస్వామి. పొడుగాటి గడకర్రకి కొడవలి కట్టి కాయలు దింపే మనిషి, కూలీల జట్టుకి పెద్ద. చదవడం రాయడం వచ్చిన కొద్దిమందిలో ఒకడు.

"బాగా సెప్పినారు మాస్టరు బాబూ," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. నేను పొంగిపోయాను.

మూడు కాయలు

ఆదివారం సభకి ముందు పాపారావుగారు నన్ను వరండాలోకి పిలిచారు.

"మాస్టారూ, మిగతా కథ ఇవాళ వద్దు లెండి. టైము లేదు. ఇంకోటి. ఆ సార్జెంటు ఊరికే కూర్చోలేదు. విప్లవం, కూలీలు అని ఎక్కువ వినపడితే ఫైల్లో రాస్తారు. మీరు వచ్చింది నా సంతకం మీద."

ఓడ ఎక్కేటప్పుడు మా ఆవిడ ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. అలాగే లెండి అన్నాను.

కూలీల జట్టుకి ఇదివరకు సంఘం సభల్లో నాలుగు బెంచీలుండేవట. ఆ రోజు ఎనిమిది వేశారు. పాపారావుగారు ఆ సంగతి గర్వంగా ప్రకటించి, మూడు జట్లనీ విడిగా వెళ్ళి మాట్లాడుకోమన్నారు. అప్పలస్వామి కదల్లేదు.

"పెసిడెంటుగారూ, బెంచీలు ఎనిమిది సేసినారు. కాయ ఒకటే ఉంచినారు. నిన్న మాస్టరు బాబు సెప్పినట్టే ఉన్నాది గదా ఇది. ఈ ఒక్కసారికీ కాయలొద్దు. తలలు లెక్కెట్టండి. బడి మా గుంటలది."

ముందు కుర్చీలు కదిలాయి. ఒక వర్తకుడు, "ఇది ఫ్రాన్సా ఏమిటయ్యా?" అన్నాడు. పాపారావుగారికి చెమట పట్టింది. ఆయన నా వైపు తిరిగారు.

"మనకెందుకు తగువు? చరిత్ర తెలిసినవారు ఇక్కడే ఉన్నారు. మాస్టారు చెప్పినట్టు చేద్దాం. తలలు లెక్కపెట్టమంటారా, ఆచారం ఉంచమంటారా?"

ఆయన నన్ను ఇరికించాలని అనలేదు, నిజంగానే బరువు దింపుకోవాలని అన్నారు. హాలంతా నాకేసి చూసింది. సన్నేసమ్మ ముందుకు వంగి చూస్తోంది, ఆమె ముఖంలో అనుమానం లేదు. జవాబు నిన్ననే చెప్పేశాను కదా, ఇవాళ మళ్ళీ అనడమే మిగిలింది అనుకుని ఉంటుంది. నేను చివరి కుర్చీలో సార్జెంటుని చూశాను. అతను కళ్ళు చికిలించి నన్నే చూస్తున్నాడు.

నేను లేచి చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ఏ ఊరి ఆచారం ఆ ఊరికి గౌరవం. ఫ్రాన్సు వేరు, మన సంఘం వేరు. పద్ధతి మార్చాలంటే ముందు పద్ధతి ప్రకారం తీర్మానం చేసుకుని, వచ్చే ఏడు మార్చుకోవచ్చు."

దొంగ చేతికి తాళం అని నిన్న నేనే అన్నాను. ఇవాళ ఆ తాళం నా చేత్తోనే అందించాను. ముందు కుర్చీల్లో చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ చప్పట్లు వినగానే ఒక క్షణం హాయిగా అనిపించింది.

జట్లు విడిగా వెళ్ళి వచ్చాయి. పళ్ళెంలో రెండు వలిచిన కాయలు పడ్డాయి. అప్పలస్వామి వలవని కాయ తెచ్చి వాటి పక్కన పెట్టాడు. అది పెద్దది, పళ్ళెంలో సరిగ్గా నిలవక పక్కకి ఒరిగింది. దాన్ని చేత్తో సరిచేసి నిలబెట్టి వెనక్కి వెళ్ళాడు.

వలిచిన కాయ కొట్టి ముక్కలు పంచారు. నాకూ ఇచ్చారు, నేను తిన్నాను. కూలీలు కూడా ఒక్కొక్కరే తిన్నారు, మాట తప్పే మనుషులు కారు వాళ్ళు. సన్నేసమ్మ మాత్రం ముక్కని అరచేతిలోనే పెట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"ఇది మీరు తినండి బాబూ. గెలిచినోలు మీరు గదా," అంది. ఎగతాళి కాదు, కోపం కూడా కాదు. పెద్దమనిషికి పెట్టవలసింది పెట్టినట్టు నా చేతిలో పెట్టింది. తర్వాత అడిగింది, "ఆ కత సివర సెప్పనేదు. ఆ మూడోవోలు ఏటి సేసినారు మరి?"

చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ మూడోవాళ్ళు మేమే సభ అన్నారు, హాలు తలుపులు మూసేస్తే బంతాట ఆడుకునే కొట్టంలోకి వెళ్ళి కూర్చుని, చెదిరిపోబోమని ప్రమాణం చేశారు. పాపారావుగారు పక్కనే ఉన్నారు. "పెద్ద కథ అమ్మా, ఇంకోసారి చెబుతాను," అన్నాను.

జనం వెళ్ళిపోయాక సార్జెంటు మా దగ్గరికి వచ్చాడు. నేను జేబులో అనుమతి చీటీ తడుముకున్నాను. అతను వచ్చీరాని అరవంలో పాపారావుగారిని, అంతా అయిపోయిందా, తాళం వేసుకోవచ్చా అని అడిగాడు. అతనికి తెలుగు ముక్క రాదు. రెండు రోజులూ కర్ఫ్యూ వేళకి హాలు మూయించడానికే కూర్చున్నాడు. నన్ను చూస్తున్నాడనుకున్నాను గానీ, చూసింది నా తల వెనక ఉన్న గోడగడియారాన్ని.

మిగిలిన నాలుగు రోజులు

ఇక్కడితో ఆగితే భయపడ్డానని సర్దిచెప్పుకోవచ్చు. ఆగలేదు.

సోమవారం పొద్దున నేను బస్సుకోసం గేటు దగ్గర ఉంటే అప్పలస్వామీ సన్నేసమ్మా వచ్చారు. పంతులు బడితో పాటు టౌనుకి పోతున్నాడు. కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో ఒక మూల ఖాళీ చేసుకున్నారట. సాయంత్రం పని దిగాక పిల్లల్ని అక్కడ కూర్చోబెడతారట. అక్షరాలు అప్పలస్వామి చెబుతాడు, గుణింతాల దగ్గర మాత్రం అతనికి తడబాటు.

"మీ ఓడకి ఇంకా వారం ఉన్నాదని కిరాణీ అమ్మగారు సెప్పినారు," అన్నాడు. "నాలుగు రోజులుండండి బాబూ. ఎలా సెప్పాలో నాకు సెప్పీసి ఎల్లండి. కూడు మా ఇంట తిందురు."

నాకు కౌలాలంపూర్‌లో పనులున్నాయన్నాను. ఏ పనులూ లేవు. ఆ నాలుగు రోజులు నేను సూర్యారావుతో మెర్డేకా మైదానం చూశాను, ఒక సినిమా చూశాను, బంటింగ్ వైపు వాళ్ళ స్నేహితుడి ఇంట్లో బాతుకూర తిన్నాను. ఒక చేతిగడియారం బేరమాడి కొన్నాను. రోజూ సాయంత్రం ఆ గడియారం చూసుకున్నప్పుడు, ఇప్పుడు వాళ్ళు పని దిగి ఉంటారు అనుకున్నాను. అనుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదు.

సూర్యారావు పిల్ల ఒకరోజు, "మామా, బాగన్ దాతుక్ ఎట్ల ఉంది?" అని తెలుగులో అడిగింది. తెలుగులో నాతో అన్న మొదటి మాట. కొబ్బరితోటలు బాగున్నాయి అన్నాను. ఆ జవాబు అక్కడే పుట్టింది.

భీమిలి

ఇంటికి వచ్చాక నలభై వాచకాలు, ఒక గుణింతాల పుస్తకం కొని అప్పలస్వామి పేర పంపాను. లోపల ఒక ఉత్తరం పెట్టాను. అందులో ఆ కథ చివర అంతా రాశాను, బంతాట కొట్టంతో సహా. క్షమించమని మాత్రం రాయలేదు. రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ అది క్షమాపణలా కాకుండా ఉపన్యాసంలా వచ్చింది.

నెల కిందట మా తొమ్మిదో తరగతికి ఆ పాఠం వచ్చింది. మూడు శ్రేణులు, మూడు ఓట్లు. ఏటా చేసినట్టు చేతులు ఊపి చెప్పలేకపోయాను. పుస్తకం తెరిచి ఒక కుర్రాడి చేత చదివించి, కిటికీ దగ్గర నిలబడ్డాను. మాస్టారికి ఒంట్లో బాగులేదని పిల్లలు అనుకున్నారు.

కిందటి వారం మలయా తపాలా బిళ్ళ అంటించిన కవరు వచ్చింది. విప్పగానే కొబ్బరి పొగ వాసన. లోపల గీతల కాగితాలు రెండు. మొదట అప్పలస్వామి రాసిన నాలుగు ముక్కలు: "మాస్టరు బాబుకి దండాలు. పుస్తకాలు అందినాయి. కత సివర సదివి అందరికీ ఇనిపించినాను. టౌను బడికి మా గుంటలు నలుగురు ఎల్తున్నారు. కొట్టంలో ఉన్నోలు ఎవులి పేరు ఆలే రాసినారు. లెక్కెట్టుకోండి."

కింద వరసగా పేర్లు. ఒక్కో పేరూ ఒక్కో చేతిరాత. కొన్నిటికి దీర్ఘాలు లేవు, కొన్నిటికి ఒత్తులు పక్కకి పోయాయి, ఒకటి కాగితం అంచు దాటి మడత పడ్డ చోట కిందికి దిగింది. పిల్లల పేర్ల తర్వాత పెద్దవాళ్ళవి కూడా మొదలయ్యాయి. చిట్టచివర పెన్సిలుతో గట్టిగా నొక్కి, అక్షరం అక్షరానికీ మధ్య ఎడం వదిలి, స న్నే స మ్మ అని ఉంది.

తలుపు వేసుకుని, మొదటి పేరు మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే చదువుతూ లెక్కపెట్టాను. యాభై మూడు. తప్పు పోయిందేమోనని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఆ ఆదివారం ఆ హాల్లో నన్ను చెయ్యమని అడిగిన పని ఇదొక్కటే.